నానబెట్టిన ఇటుకలు

నర్సయ్య పోయిన తొమ్మిదో రోజున అతని పెద్ద కొడుకు రమేశ్ ఫోన్ చేశాడు. నాన్న జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, ఒమన్ రోజుల నుంచీ స్నేహితుణ్ణి కాబట్టి నన్ను నాలుగు పేజీలు రాయమని అడిగాడు.

"నాన్న మహోన్నత వ్యక్తిత్వం గురించి రాయండి సార్."

నేను రాయను. నర్సయ్యది మహోన్నత వ్యక్తిత్వం కాదు. అతను ఐదడుగుల మూడంగుళాల తాపీ మేస్త్రీ. ఆ మాట చదివి వినిపిస్తే "గిది నా గురించేనా సార్? ఇంకెవలిదన్న ఫోటో వడ్డదేమో జూడుండ్రి" అనేవాడు. సంతాప సంచికల్లో పోయినవాళ్ళందరూ ఒకే మనిషిలా ఉంటారు. నా స్నేహితుణ్ణి ఆ వరసలో నిలబెట్టడానికి నేను ఒప్పుకోను.

కాబట్టి నా గురించి రాస్తాను. డెబ్బైల చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నూట ఇరవై మంది కూలీలకీ మేస్త్రీలకీ నేను ఒక హంగరీ సినిమా చూపించాను. దానివల్ల మా క్యాంపులో సినిమా అనేదే పోయే పరిస్థితి వచ్చింది. నా పరువు పూర్తిగా పోయింది. చివరికి నా సొంత గదిలోంచి కుర్చీ ఎక్కి బయటపడవలసి వచ్చింది. రమేశ్, ఇది నీ పుస్తకానికి పనికిరాదనుకుంటే మానేయి. వేస్తే మాత్రం ఒక్క అక్షరం మార్చకు.

మాది ఒమన్‌లో సూర్ పట్టణం వైపు వేస్తున్న రోడ్డు మీద ఒక కంపెనీ క్యాంపు. ఒకవైపు రాళ్ళగుట్టలు, ఇంకోవైపు ఇంకొన్ని రాళ్ళగుట్టలు. నేను టైమ్ కీపర్ని. పొద్దున్నే నంబర్లు పిలిచి, పలికినవాడికి హాజరు వేయడం నా డ్యూటీ. నర్సయ్య జగిత్యాల దగ్గరి మేస్త్రీ. రోడ్డు కింద కల్వర్టులు కట్టేవాడు. అక్కడ పనంతా సిమెంటు బ్లాకులతోనే. "రెండేండ్లాయె సార్, ఒక్క ఎర్రిటుక మొకం జూడలే" అని అప్పుడప్పుడు బాధపడేవాడు. పెళ్ళాంబిడ్డల సంగతి ఎత్తితే ఏడుపొస్తుందని ఇటుకల సంగతి ఎత్తేవాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక నా జబ్బు సంగతి. ఒమన్ వెళ్ళక ముందు నేను హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీలో సభ్యుణ్ణి. వారానికోసారి ఓ ఉక్కపోత హాల్లో ముప్ఫై మందిమి కూర్చుని బయటి దేశాల సినిమాలు చూసేవాళ్ళం. నాకు హంగరీ సినిమాలంటే ప్రాణం. వాటిలో మనుషులు మామూలుగా బతుకుతుంటారు. ఒకడు ట్రాము నడుపుతాడు, ఒకావిడ పోస్టాఫీసులో ముద్రలు కొడుతుంది. ఒకరోజు ఎవరూ పిలవని సంగతి ఒకటి వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. మన హీరోలా వాళ్ళు దాన్ని చితక్కొట్టరు. ఏం చేయాలో తోచక కోటు విప్పి కుర్చీకి తగిలిస్తారు. నేను సరిగ్గా అక్కడే కుర్చీ అంచుకి జరిగేవాణ్ణి. ఆ సినిమాల్లో సగం నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాని సగాన్నే నేను ఎక్కువ గౌరవించేవాణ్ణి. ఈ కథలో తప్పంతా ఆ గౌరవానిదే.

క్యాంపులో శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక మెస్సు షెడ్డులో చిన్న ప్రొజెక్టరు మీద హిందీ సినిమా వేసేవాళ్ళం. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి మెషిన్ కూడా వచ్చని కంపెనీ నిర్ణయించింది. పట్టపగలు చీకటి కావాలి. అందుకని కిటికీలకు దుప్పట్లు, కంబళ్ళు కట్టేవాణ్ణి. ఎవరివి కనపడితే వాళ్ళవి లాక్కొచ్చేవాణ్ణి. పాఠకులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఎడారిలో మాకు ఊరు లేదు, బజారు లేదు, ఆడవాళ్ళ గొంతు లేదు. వారమంటే ఆ మూడు గంటలే. అది కూడా దినదినగండంగా ఉండేది. అంతకు ముందు ఒకసారి రీలు తెగి పాట సగంలో ఆగినప్పుడు ఎవరో విసిరిన పళ్ళెం వెళ్ళి క్యాంప్ బాస్ కురియన్ పప్పుగిన్నెలో పడింది. కురియన్ కేరళవాడు, కోపం కూడా రూలు ప్రకారం తెచ్చుకునే మనిషి. ఇంకొక్క గొడవ జరిగితే మెషిన్ తిరిగి మస్కట్‌కి పోతుందని నోటీసు అంటించాడు. నర్సయ్య ఆ నోటీసు ముందు నిలబడి నాతో చదివించుకుని, "సార్, జర పైలం. శుక్రారం వోతే నేను గూడ వోత" అన్నాడు. అతను అలాంటి మాటలు ఊరికే అనేవాడు కాదు.

ఇంత తెలిసీ, మస్కట్ పక్కనే ఉన్న మత్రాలో సినిమాలు అద్దెకిచ్చే దుకాణం నుంచి వచ్చిన జాబితాలో అడుగున 'హంగరీ చిత్రం' అన్న ముక్క చూశాను. ఎవరో యూరప్ వాళ్ళు ఊరు విడిచి వెళుతూ వదిలేసినదట. నా ఒళ్ళు పులకరించింది. హిందీ సినిమా పేరు కొట్టేసి దానికి టిక్కు పెట్టి, లారీ డ్రైవర్ ఖాదర్ చేతికిచ్చాను. ఖాదర్ హైదరాబాదువాడు. నర్సయ్య కంటే పొట్టి. లారీ ఎదురుగా వస్తుంటే లోపల డ్రైవరున్నాడా లేడా అని అనుమానం వచ్చేది.

బుధవారం అతను గోనెసంచీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"సాబ్, దుకాన్‌వాలా పూఛ్‌రా థా, ఏ పిక్చర్ కౌన్ దేఖ్తా బోల్కే."

"నేను చూస్తాను."

"బాకీ లోగాఁ?"

"వాళ్ళకి నేర్పిస్తాను."

ఖాదర్ నన్నోసారి జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

సంచీలో రెండు డబ్బాలున్నాయి. హిందీ సినిమా అయితే నాలుగు వచ్చేవి. యూరప్ వాళ్ళు పొదుపరులు, చెప్పదలచుకున్నది రెండు డబ్బాల్లో చెప్పేస్తారు అనుకున్నాను. ఒక డబ్బా మీద 1/3 అని, రెండోదాని మీద 2/3 అని రాసి ఉంది. మార్చి ఒకటి, మార్చి రెండు అనుకున్నాను. వరసగా రెండు రోజుల్లో రెండు రీళ్ళు తయారుచేసిన ఆ క్రమశిక్షణను మెచ్చుకున్నాను కూడా. ఇది చదివేవాళ్ళు ఇక్కడ నవ్వుకోవచ్చు. నలభై అయిదేళ్ళుగా నర్సయ్య ఇక్కడే నవ్వేవాడు.

శుక్రవారం వచ్చింది. షెడ్డు నిండిపోయింది. నర్సయ్య ఎప్పటిలాగే ముందు వరసలో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. నేను మెషిన్ పక్కన నిలబడి, తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ గట్టిగా తెలుగులో, హిందీలో కథ చెప్పడం మొదలుపెట్టాను.

కథ ఇది. ఓ చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసే మనిషి ఉంటాడు. అతని పేరు పలకడం నాకు ఇప్పటికీ రాదు. మావాళ్ళు ఐదు నిమిషాల్లో గడియారం మల్లేశం అని పెట్టేశారు. ఒకరోజు పొద్దున ఓ లారీ వచ్చి అతని గుమ్మం ముందు ఇటుకలు కుమ్మరించి పోతుంది. తలుపు మూసుకుపోతుంది. మల్లేశం, భార్య, అత్తగారు అప్పటినుంచి కిటికీలోంచి రాకపోకలు సాగిస్తారు. ఇటుకలు తనవి కావని చెప్పడానికి మల్లేశం సర్కారు ఆఫీసుకు వెళతాడు. కాయితం ప్రకారం అవి నీవేనంటారు. తనవైతే అమ్ముకుంటానంటాడు. కాయితం ప్రకారం అమ్మే హక్కు లేదంటారు.

తెర మీద ఇటుకలు పడగానే షెడ్డంతా కదిలింది. నలుపు తెలుపు సినిమాలో కూడా అవి ఎర్రగానే కనిపించినట్టున్నాయి మావాళ్ళకి.

"అబ్బ, జూడుండ్రి, ఎంత మంచిగ కాలినయో," అన్నాడు నర్సయ్య.

మల్లేశం ఆరోసారి ఆఫీసు మెట్లెక్కినప్పుడు వెనకనుంచి ఎవరో "ముద్ర గుద్దేటోడు ఇయ్యాల రాలేదని చెప్తరు సూడు" అన్నారు. తెర మీద గుమాస్తా సరిగ్గా అదే చెప్పాడు. షెడ్డు ఒక్కసారి గొల్లున నవ్వింది. నేను గర్వంగా చుట్టూ చూశాను. వీళ్ళకి కళ ఎక్కుతోంది, ఎక్కించింది నేను.

రెండో రీలు చివర్లో మల్లేశం విసిగి ఇంటికొస్తాడు. కోటు విప్పి కిటికీకి తగిలిస్తాడు. పెద్ద తొట్టి లాక్కొచ్చి నీళ్ళు పోసి, ఇటుకలు ఒక్కొక్కటే అందులో వేస్తాడు. నీళ్ళలోంచి బుడగలు లేస్తాయి. చొక్కా చేతులు పైకి మడుస్తాడు.

అక్కడ రీలు అయిపోయి తోక టపటపా కొట్టుకుంది. తెర తెల్లబడింది.

నూట ఇరవై తలలు నా వైపు తిరిగాయి. సంచీలో ఇంకేమీ లేదు. బోర్లించి దులిపాను కూడా. మరుక్షణం ఫిల్మ్ సొసైటీ నన్ను ఆదుకుంది.

"సినిమా అయిపోయింది," అన్నాను.

"అయిపోవుడేంది సార్?" అన్నాడు నర్సయ్య.

"ఈ సినిమాలు ఇలాగే ముగుస్తాయి. కొత్త తరహా దర్శకులు 'సమాప్తం' అని వేయరు. మిగిలింది ప్రేక్షకుడే అర్థం చేసుకోవాలి."

"ఏమర్థం జేసుకోవాలె?"

"నీళ్ళలో ఇటుకలు ఒక ప్రతీక. మనిషి బతుకు ఎదురుచూపులో నానుతుందని."

"బతుకు కోసం గాదు సార్ ఇటుక నానవెట్టేది. ఎండిటుకైతే సిమెంటులున్న నీళ్ళు గుంజుకుంటది, గోడ పట్టది. గందుకు నానవెడ్తరు."

"అది నీ పనిలో నర్సయ్యా. ఇది కళ."

"కళైతే గోడ పట్టద్దా?"

షెడ్డు పగలబడి నవ్వింది. నర్సయ్య మాత్రం నవ్వలేదు. బకెట్టు మీదినుంచి లేచి నిలబడ్డాడు.

"ఇటుకలు నానవెట్టినోడు కట్టకుండ వోడు సార్. నేను ముప్పై ఊర్లల్ల గోడలు వెట్టిన, నాకు ఎరికే. గీ సిన్మ ఇంకున్నది."

"లేదు."

"ఉన్నది."

"నువ్వు నాకు సినిమా చెబుతావా?"

"మీరు నాకు ఇటుక జెప్పవడ్తిరి గద సార్."

ఇంతలో పళ్ళాలు మోగడం మొదలైంది. ఒకటి, పది, నూరు. కురియన్ లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. ఏం జరిగిందని హిందీలో అడిగాడు. సినిమా పూర్తయిందని చెప్పాను.

"హీరో ఏమయ్యాడు?"

"అది ప్రేక్షకుడు ఊహించుకోవాలి."

"ఇంతమంది ఊహించుకుంటే క్యాంపులో క్రమశిక్షణ ఏమవుతుంది?" అన్నాడు కురియన్. "పూర్తి సినిమాయేనని రాసి సంతకం పెట్టు."

రాశాను. ఒకటిన్నర పేజీ, ఇంగ్లీషులో. ముగింపు లేకపోవడమే ముగింపు అని సోదాహరణంగా వివరించాను. కురియన్ అంతా చదివి, ఒక్క ముక్క అర్థం కాలేదని, సంతకం ఉంది కాబట్టి పరవాలేదని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొడవ జరిగింది, నోటీసు ఉంది. వచ్చే శనివారం లారీలో మెషిన్ మస్కట్‌కి పోతుందన్నాడు.

"ముగింపు జూపిస్తే?" అన్నాడు నర్సయ్య.

"వచ్చే శుక్రవారం లోపల చూపించండి. మెషిన్ ఉంటుంది."

"జూపిస్తం."

ఉన్న ముగింపునైతే చూపించవచ్చు. లేదని నేను సంతకం పెట్టి ఉన్నాను. ఆ వారం నాకు మర్యాద దక్కలేదు. మెస్సులో నా పప్పు గిన్నె పైనుంచి వచ్చేది, అందులో పప్పు ఉండేది కాదు. పొద్దున హాజరుకి నేను నలభై రెండు అని పిలిస్తే "నానుతున్న సార్" అని జవాబు వచ్చేది. డెబ్బై అయిదు. "నానుతున్న సార్." వరసంతా అంతే. ఒకడు మాత్రం "నేను నాని తేలిన సార్, తీసి కట్టుండ్రి" అన్నాడు. క్యాంపంతా మల్లేశం ఏం కడతాడని వాదించుకునేది. గది అన్నారు, బావి అన్నారు, అత్తగారికి వేరే ఇల్లన్నారు. నర్సయ్య మాత్రం మిగిలిన రీలు కోసం డ్యూటీ అయ్యాక గది గదికీ తిరిగి మంచాల కింద వెతికేవాడు.

నిజం చెప్పాలి. మంగళవారం నాకు అనుమానం వచ్చింది. 2/3 అన్న డబ్బాని తిప్పి చూస్తే, మూత లోపల ముద్రపడిన నెల అక్టోబరు. మార్చిలో తయారైన రీలుకు అక్టోబరెందుకు అని అనిపించింది. నేను ఆ డబ్బాని మంచం కిందికి తోశాను. అనుమానాన్ని కూడా దానితోపాటే తోశాను. ఒకటిన్నర పేజీ రాసిన మనిషి వెనక్కి రావడం కష్టం.

గురువారం మధ్యాహ్నం నా ఆఫీసు తలుపు తెరుచుకుంది. ముందు నర్సయ్య, వెనక ఖాదర్. నర్సయ్య చేతిలో గుండ్రటి రేకు డబ్బా. దాని మీద 3/3.

"ఎక్కడిది?" అన్నాను.

"కల్వర్టు కాడికి పోదమని ఖాదర్ బాయి లారెక్కిన సార్. పక్కకు జూస్తె మనిషి అవుపడుతుండు. గిదేంది, గీ వారంల పొడుగైనవేంది అని అడిగిన. లెవ్వుమన్న. లేసిండు."

నేను ఖాదర్ వైపు చూశాను. అతను నా వైపు అంతకంటే కోపంగా చూశాడు.

"మై క్యా కరూఁ సాబ్? మేరా కంబల్ తుమీచ్ లేకే గయే, ఖిడ్కీకో బాంధే. వో నై తో మేరేకు రోడ్ నై దిఖ్తా. హాత్‌కు జో మిలా, నీచే రఖ్ లియా."

అతని మాటలో అబద్ధం లేదు. అతను సీటు మీద వేసుకుని కూర్చునే కంబళిని ఈ సినిమా రాకముందటి శుక్రవారం నేనే లారీలోంచి లాక్కొచ్చి మెస్సు కిటికీకి కట్టాను. తిరిగి ఇవ్వలేదు. అది లేక రోడ్డు కనపడక, మత్రాలో సంచీలోంచి ఓ డబ్బా తీసి కింద వేసుకున్నాడు. అలవాటైపోయి మరిచిపోయాడు.

"తొమ్మిది రోజులు క్లైమాక్సు మీద కూర్చుని బండి నడిపావా?"

"నరమ్ నై థా సాబ్," అన్నాడు ఖాదర్. మెత్తగా ఏం లేదట.

నర్సయ్య డబ్బాని నా బల్ల మీద పెట్టాడు. ఎగతాళి చేస్తాడని కాచుకుని కూర్చున్నాను. అతను "మన శుక్రారం ఎటువోలే సార్" అని మాత్రం అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ 'మన'లో నన్ను కూడా కలిపాడు. అది భరించడం ఎగతాళి కంటే కష్టమైంది.

శుక్రవారం కురియన్ తన కుర్చీ తానే తెచ్చుకుని ముందు వేసుకున్నాడు, చేతిలో నా ఒకటిన్నర పేజీ పెట్టుకుని. ఎండకీ ఖాదర్ బరువుకీ రీలు కాస్త వంగింది. బొమ్మ పడవలో కూర్చున్నట్టు ఊగుతోంది. ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారకముందే మల్లేశం నానిన ఇటుకలన్నీ తోపుడుబండిలో వేసుకుని బయల్దేరతాడు. భార్య వెనకనుంచి తోస్తుంది. సర్కారు ఆఫీసు ముందు ఆపి, దాని తలుపుకి అడ్డంగా గోడ కట్టడం మొదలుపెడతాడు. తొమ్మిదింటికి గుమాస్తా తాళంచెవి పట్టుకుని వస్తాడు. తాళంచెవి ఉంది, తలుపు లేదు. మల్లేశం చేతులు తుడుచుకుని జేబులోంచి కాయితం తీసి, ఇటుకలు ముట్టినట్టు ముద్ర వేయమని మర్యాదగా అడుగుతాడు. ముద్ర లోపల ఉంది. లోపలికి దారి లేదు. మల్లేశం ఇంటికెళ్ళి, ఎన్నాళ్ళకో తలుపులోంచి లోపలికి నడిచి, కోటు కొక్కేనికి తగిలిస్తాడు.

అప్పుడు తెర నిండా, గోడంత అక్షరాలతో 'సమాప్తం' అని పడింది.

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచారు. ఏనాడో ఏ కాయితం కోసమో తిరిగిన ప్రతివాడూ ఆ రోజు గోడ కట్టాడు. కురియన్ కాసేపు ఆఫీసు మనిషిలాగే బిగుసుకుని కూర్చున్నాడు. ముద్ర దగ్గరికొచ్చేసరికి అతనికీ నవ్వు ఆగలేదు. "మెషిన్ ఉంటుంది" అని చెప్పి, నా ఒకటిన్నర పేజీ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. నర్సయ్య ఒక్కడే తృప్తిపడలేదు.

"జాయింటు మీద జాయింటు వడ్డది సార్. గా గోడ నిలవది." పై వరస అతుకు సరిగ్గా కింది వరస అతుకు మీద పడితే గోడ పగులుతుందట.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నాకు బుద్ధి వచ్చిందని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున డ్యూటీకి తయారై తలుపు తెరిచాను. ఎదురుగా గోడ. సిమెంటు బ్లాకులు, పొందికగా పేర్చినవి, నా గడ్డం ఎత్తు వరకు. జాయింటు మీద జాయింటు ఒక్కటీ లేదు. అవతల నర్సయ్య, ఖాదర్, వాళ్ళ వెనక ఛాయ్ గ్లాసులతో సగం క్యాంపు.

"నర్సయ్యా, ఏమిటిది?"

"సిన్మ సార్."

"సగమే కట్టారు."

"మిగిలింది మీరే అర్థం జేసుకోవాలె. కళ గద."

"దారివ్వు, హాజరుకి ఆలస్యమవుతోంది."

"కంబల్ దేవ్ సాబ్," అన్నాడు ఖాదర్, గోడ మీదినుంచి చెయ్యి చాపి. చెయ్యి ఒక్కటే కనపడింది.

కంబళి ఇచ్చాను. తర్వాత కుర్చీ వేసుకుని, సొంత గదిలోంచి దొంగలా దిగాను. ఆ రోజు హాజరు పుస్తకంలో ఆలస్యం అని రాసుకున్న మొదటి పేరు టైమ్ కీపర్‌దే. నా నంబరు నేనే పిలుచుకుంటే వరసంతా కలిసి నా తరఫున జవాబిచ్చింది. ఏమని జవాబిచ్చిందో చెప్పనక్కర్లేదు.

రమేశ్ ఫోన్‌లో ఇంకో మాట కూడా చెప్పాడు. చనిపోయిన రోజు పొద్దున నర్సయ్య పెరట్లో కోళ్ళగూటికి గోడ పెడదామని ముప్ఫై ఇటుకలు తొట్టిలో నానబెట్టాడట. ఛాయ్ తాగి కడతానని అరుగు మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు లేవలేదు.

"ఇటుకలేవి?" అని అడిగాను.

"తొట్లనే ఉన్నాయి సార్. ఎవరం ముట్టలేదు."

నానబెట్టినవాడు కట్టకుండా పోడని నూట ఇరవై మంది ముందు నా మీద గెలిచిన మనిషి నర్సయ్య. ఆ మాట అబద్ధం కావడం నాకు ఇష్టం లేదు. మర్నాడే బస్సెక్కాను. పెద్దవారు, మీకెందుకు, మేస్త్రీని పిలుస్తామని అందరూ అన్నారు. వినలేదు. డెబ్బై ఏడేళ్ళ వయసులో మొదటిసారి తాపీ పట్టుకుని, అతను నానబెట్టిన ముప్ఫై ఇటుకలూ కట్టాను. మోకాలెత్తు గోడ లేచింది. వంకరగా ఉంది. పక్కింటి మేస్త్రీ ఒకాయన చూసి, మొహమాటపడుతూ, "జాయింటు మీద జాయింటు వడ్డది సార్, నిలవది" అన్నాడు. నాకు తెలుసు. ఆ మాట ఇంకోసారి వినాలనే వెళ్ళానేమో.

రాసివ్వమంటే నాకు భయం లేదు, ఇదివరకు కూడా రాసిచ్చాను. కోళ్ళ సాక్షిగా రాసిస్తున్నాను. ఇకమీదట ఏ సినిమానీ, ఏ కథనీ, ఏ మనిషినీ డబ్బాలు లెక్కపెట్టకుండా అయిపోయిందనను. ఇంకొకరి కంబళి ముట్టను. తాపీ అసలే పట్టను. గోడ నిలవదని మేస్త్రీ చెప్పి నేటికి నెలన్నర. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి రమేశ్‌ని అడుగుతున్నాను. నిలిచే ఉందట.